సఫోక్‌లో ఒక ఓక్ ఇల్లు: సిమెంటు వలిచి సున్నం పూసిన పని డైరీ

ఇల్లు ఇంగ్లండ్ తూర్పున, సఫోక్ కౌంటీలోని ఒక పల్లెలో ఉంది. కింద రెండు గదులు, పైన రెండు, నట్టనడుమ ఇటుకల పొగగొట్టం. గోడలు రాతివీ కావు, ఇటుకవీ కావు. ఓక్ కలపతో చట్రం కట్టి, సందుల్లో హేజెల్ అనే పొద పుల్లలతో తడిక కట్టి, ఆ తడికకు రెండు వైపులా మట్టి మెత్తారు. పైకప్పు గోధుమ గడ్డిది. చట్రమంతా మోకాలెత్తు ఇటుక పీఠం మీద కూర్చుంది. కట్టింది 17వ శతాబ్దం మొదటి సగంలో. ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో గ్రేడ్ 2.

పని చేపట్టేనాటి పరిస్థితి: బయటంతా సిమెంటు ప్లాస్టరు, దాని మీద ప్లాస్టిక్ రంగు. ఉత్తరపు గోడ మీద వేలి కణుపుతో కొడితే బోలుగా మోగుతోంది. లోపల నేల నుంచి నడుమెత్తు దాకా తడి మరక. ఈశాన్య మూల 40 మి.మీ. కుంగింది. పై గదిలో తలుపు దానంతట అదే తెరుచుకుంటోంది.

పని వరుస ముందే ఖాయం చేసుకున్నాం: మొదట నీళ్ళ దారి, తర్వాత కలప, ఆపైన మట్టి, ఆఖరున సున్నం. ఏ పొరైనా తన కింద ఉన్నదాని కన్నా గట్టిగా ఉండకూడదు. ఇలాంటి ఇంట్లో తడి లోపలికి రాకుండా ఎవరూ ఆపలేరు. వచ్చిన తడి వెళ్ళిపోయేలా చేయడమే మరమ్మతు.

జనవరి: ఇల్లు చదవడం

రంపం పట్టకముందు ఇంటిని చదవాలి. ఈ దశలో తొందరపడితే పనికొచ్చే ఆధారాలు చెత్తబండిలో పోతాయి.

మొదట అటక ఎక్కి వాసాలు చూశాం. అంతకుముందు తరాల ఇళ్ళలో నడింటి మధ్య నేల మీదే మంట పెట్టేవాళ్ళు, పైన పై అంతస్తు ఉండేది కాదు, పొగ కప్పులోంచే పోయేది. అలాంటి ఇళ్ళ వాసాలు నల్లటి మసి పేరుకుని మెరుస్తుంటాయి. ఇక్కడ వాసాలు గోధుమరంగులోనే ఉన్నాయి, మసి లేదు. అంటే పొగగొట్టం, పై అంతస్తు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. 1570–1640 మధ్య ఇంగ్లండ్ పల్లెల్లో ఇళ్ళు ఇలా పెద్ద ఎత్తున మారాయని చరిత్రకారులు చెప్పిన కాలంతో ఇది సరిపోతుంది. ఆ మార్పు అన్ని కౌంటీల్లో ఒకేసారి రాలేదని తర్వాతి పరిశోధన చూపింది కాబట్టి, ఈ తేదీల్ని ఒక్కటే ఆధారంగా తీసుకోలేదు.

రెండో ఆధారం గుమ్మం. తలుపు తెరవగానే ఎదురుగా పొగగొట్టం ఇటుకలే కనిపిస్తాయి, అక్కడ చిన్న నడవ, ఎడమకో గది, కుడికో గది. ఒక్క పొగగొట్టానికి వీపు వీపు ఆనించి రెండు పొయ్యిలు. ఈ పద్ధతి తూర్పు కౌంటీల్లో 1600 ప్రాంతం నుంచి బాగా వాడుకలోకి వచ్చింది.

మూడోది, గోడ తలమీద పారే పొడవు దూలంలో అతుకు. రెండు ముక్కల్నీ నిలువు ముఖం మీద సగం సగం చెక్కి, కొసల్లో పలచటి నాలుకలు దూర్చి, ఓక్ చీలలు కొట్టారు. ఇది 16వ శతాబ్దం రెండో సగం నుంచి 17వ శతాబ్దమంతా ఇక్కడి వడ్రంగులు చేసిన అతుకు. పెద్ద దూలాల అంచుల్ని ఏటవాలుగా చెక్కి, ఆ చెక్కుడును గొర్రె నాలుక ఆకారంలో ముగించారు. అదీ ఆ శతాబ్దానిదే.

అదే దూలం అడుగున, ఇప్పుడు ప్లాస్టరు కప్పేసిన చోట, డైమండ్ ఆకారపు బెజ్జాలు వరసగా దొరికాయి. వాటి పక్కనే సన్నటి గాడి. ఒకప్పుడు అక్కడ అద్దం లేని కిటికీ ఉండేది: బెజ్జాల్లో నిలువు ఓక్ కమ్మీలు, గాడిలో జరిగే చెక్క రెక్క. పల్లె ఇళ్ళకు అద్దం ఆలస్యంగా వచ్చింది. కిటికీ మూసేసి కనిపిస్తే చాలు, కిటికీ పన్ను తప్పించుకోవడానికే అని చుట్టుపక్కల అందరూ చెబుతారు. ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉన్న మాట నిజం. కానీ కిటికీల సంఖ్యను బట్టి పెరిగే పన్ను మొదట్లో పదికి మించిన ఇళ్ళకే పడింది, 1766లో ఆ హద్దును ఏడుకు దించారు. ఇంత చిన్న ఇంటికి ఆ పన్ను బెడద తక్కువ. ఇక్కడ కిటికీ మూసింది పక్కన మెట్లు పెట్టడానికి: మెట్ల కోసం కోసిన దంతెలు (పై అంతస్తు నేలను మోసే అడ్డకర్రలు) సరిగ్గా ఆ చోటనే ఉన్నాయి.

అన్నిటి కన్నా ఎక్కువ సమాచారం ఇచ్చింది వడ్రంగి గుర్తులు. చట్రాన్ని కార్ఖానాలో నేల మీద పరిచి, అతుకులు సరిచూసి, విప్పి, ఇంటి స్థలంలో మళ్ళీ నిలబెట్టేవాళ్ళు. ఏ కుసి (బెజ్జంలో దూర్చే చెక్క కొస) ఏ బెజ్జానిదో తెలియడానికి రెండు చోట్లా ఒకే రోమన్ అంకె గీసేవాళ్ళు. నాలుగుకు నాలుగు గీతలే. వాలుగా టార్చి వెలుగు వేసి ఉత్తరపు గోడ నిలువు చెక్కల మీద వెతికితే ఒకటి, రెండు, మూడు, నాలుగు కనిపించాయి, ఆ తర్వాత ఏకంగా ఆరు. అయిదు లేదు. అక్కడే తర్వాతి కాలపు రెండో గుమ్మం ఉంది. అంటే ఆ గుమ్మం కోసం అయిదో చెక్కను కోసేశారు. 19వ శతాబ్దంలో ఇలాంటి ఇళ్ళను పొలం కూలీల కుటుంబాల కోసం రెండుగా, మూడుగా విడగొట్టడం మామూలు. 1840 ప్రాంతపు టైద్ మ్యాపులు (చర్చికి కట్టే దశమ భాగం లెక్క కోసం గీసిన పటాలు), 1841 నుంచి దొరికే జనాభా లెక్కలు చూస్తే ఒక ఇల్లు ఎప్పుడు రెండయిందో చాలాసార్లు పట్టుకోవచ్చు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే పొయ్యి పన్ను లెక్కలు. 1662–1689 మధ్య పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున వసూలు చేశారు, సఫోక్‌కు 1674 నాటి జాబితా ఉంది. రెండు పొయ్యిల ఇల్లంటే ఆనాటికి మరీ నిరుపేద ఇల్లు కాదు.

పొయ్యి మీది అడ్డదూలంపై కన్నీటి చుక్క ఆకారంలో నల్లటి కాలిన మచ్చలున్నాయి. దీపం ఒరిగి పొరపాటున కాలినవి కావు. మంటను వాలుగా పట్టి కాసేపు కదలకుండా ఉంచితేనే ఆ ఆకారం వస్తుంది. కీడు రాకుండా కావాలని పెట్టిన గుర్తులని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. దూలాన్ని ఇసుక కాగితంతో రుద్దితే అవి ఒక్క పూటలో పోతాయి. పాత దూలాలను ‘శుభ్రం’ చేయమని ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. కావలసింది మెత్తటి బ్రష్, వాక్యూమ్, అంతే.

చెక్క వలయాలు లెక్కపెట్టి తేదీ కట్టే పద్ధతి ఇక్కడ కుదరలేదు. దానికి ఒక్కో నమూనాలో సుమారు 50కి పైగా వలయాలు కావాలి. సఫోక్ ఓక్ సారవంతమైన బరువు నేలల్లో వేగంగా పెరిగి, తక్కువ వలయాలతోనే దూలమంత లావు అవుతుంది.

ఫిబ్రవరి: అనుమతి

జాబితాలో ఉన్న ఇంటికి 1990 నాటి రక్షిత కట్టడాల చట్టం వర్తిస్తుంది. ఇంటి స్వరూపాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం. దరఖాస్తుకు రుసుము లేదు, నిర్ణయానికి సాధారణంగా 8 వారాలు. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేయడానికి తరచుగా అనుమతి అవసరం లేకపోయినా, సిమెంటు తీసి సున్నం పెట్టడం రూపాన్ని మార్చే పని కాబట్టి అనుమతి తీసుకున్నాం. దరఖాస్తుతో పాటు ఇచ్చినవి: నాలుగు గోడల కొలతల బొమ్మలు, ప్రతి నిలువు చెక్క పరిస్థితి, ఏ ముక్క ఎక్కడ అతుకుతామో, సున్నం పాళ్ళు. డబ్బు లెక్కలో మరిచిపోకూడనిది: జాబితా ఇళ్ళలో అనుమతి పొందిన మార్పులకు ఉన్న పన్ను మినహాయింపు 2012 అక్టోబరులో పోయింది. ఇప్పుడు మార్పులకైనా మరమ్మతుకైనా వ్యాట్ 20 శాతం.

గడ్డి కప్పు కింద గబ్బిలాలున్నాయేమో నిపుణులతో చూపించాలి. 1981 వన్యప్రాణి చట్టం కింద వాటి గూడు చెదరగొట్టడం నేరం. ఇక్కడ లేవు.

మార్చి: నీళ్ళ దారి

గడ్డి కప్పుకు గట్టర్లు ఉండవు. చూరు గోడకు దూరంగా ముందుకొచ్చి నీళ్ళను నేల మీదే వదులుతుంది. ఆ పద్ధతి సాగాలంటే నేల గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి, ఇటుక పీఠం పైకి తేలి కనిపించాలి. ఇక్కడ వందల ఏళ్ళుగా తోట మట్టి పేరుకుంది, దాని మీద కాంక్రీటు బాట వేశారు. ఉత్తరం వైపు ఇటుక పీఠం పూర్తిగా మునిగిపోయి, చట్రం అడుగుదూలం నేలకు ఆనుకుని ఉంది. ఇంటి రోగానికి మూలం ఇదే.

కాంక్రీటు బాట పగలగొట్టి, నేలను అడుగుదూలం కన్నా 200 మి.మీ. కిందికి దించాం. చూరు చుక్క పడే గీత వెంట చెకుముకి గుండ్లు పరిచాం, వాటి కింద 20–40 మి.మీ. కడిగిన రాళ్ళు, చిల్లుల గొట్టం, చుట్టూ వడపోత గుడ్డ. కాలువను గోడకు ఆనించి తవ్వలేదు. ఈ ఇళ్ళకు లోతు పునాది ఉండదు, ఒక్కోసారి నాలుగు వరసల ఇటుకే పునాది. గోడ పక్కన లోతుగా తవ్వితే అదే జారుతుంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇల్లు కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. తెలుగు కుటుంబాలూ ఇప్పుడు పాత ఇళ్ళు చూస్తున్నాయి కాబట్టి చెబుతున్నా. సర్వే చేసినవాళ్ళు గోడలో మీటరు గుచ్చి ‘తడి ఉంది, రసాయనం ఎక్కించాలి’ అని రాస్తే, ముందు గోడ దేనితో కట్టిందో అడగండి. ఓక్, మట్టి గోడకు ఆ ఇంజెక్షన్ వల్ల ఒరిగేది ఏమీ లేదు. బయట నేల ఎంత ఎత్తుందో చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఏప్రిల్: సిమెంటు వలవడం

సిమెంటు పగలగొట్టడానికి కరెంటు సుత్తి వాడకూడదు. అదురుకు వెనకున్న మట్టి పలకలు మొత్తం రాలిపోతాయి. చిన్న సుత్తి, వెడల్పు ఉలితో పైనుంచి కిందికి, బోలుగా మోగే చోట మొదలుపెట్టి, పలకలు పలకలుగా ఊడదీశాం. లోపల ఇనుప జాలీ ఉంది, స్టేపుల్స్‌తో నిలువు చెక్కలకు కొట్టారు. జాలీని పట్టుకుని లాగితే చెక్క ముఖం దానితోపాటే చీలి వస్తుంది. కత్తెరతో చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో స్టేపుల్‌ను పటకారుతో ఊడబీకడం తప్ప దగ్గరిదారి లేదు.

సిమెంటు బిగుసుకుంటుంది, ఓక్ చట్రం రుతువుతో కదులుతుంది. రెండింటి మధ్య వెంట్రుకవాసి పగులు పడుతుంది. ఆ పగుల్లోంచి వాన లోపలికి పీల్చుకుపోతుంది, ప్లాస్టిక్ రంగు ఉన్నందున బయటికి ఆరలేదు, జారి అడుగుదూలం మీద నిలుస్తుంది. గోదావరి జిల్లాల పాత మండువా లోగిళ్ళలో గానుగ సున్నం గోడల మీద సిమెంటు పూసినప్పుడు రెండో వర్షాకాలానికే పెచ్చులు ఊడేదీ ఇందుకే. అక్కడ ఇటుక పొడిగా రాలుతుంది, ఇక్కడ కలప మెత్తబడుతుంది.

వలిచాక నిలువు చెక్కల ముఖాల మీద బాడిశ గంట్లు బయటపడ్డాయి, జానెడుకు మూడు నాలుగు, అన్నీ ఏటవాలుగా. ప్లాస్టరు పట్టు కోసం పెట్టినవి. అంటే ఈ చట్రాన్ని సున్నంతో పూర్తిగా కప్పడం పాత సంగతే. ‘అందమైన దూలాలు కనిపించేలా వదిలేద్దాం’ అన్న కోరికకు ఇక్కడ చోటు లేదు. నల్ల దూలాలు, తెల్ల గోడలు అన్న వేషం చాలా మటుకు 19వ శతాబ్దపు ముచ్చట. సఫోక్‌లో సున్నపు పూతనే అలంకారంగా మలిచారు. ఇప్స్‌విచ్‌లోని ఏన్షెంట్ హౌస్ ముఖం మీద 17వ శతాబ్దంలో యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాలను పూతలోనే బొమ్మలుగా తీర్చారు.

కలపను పరీక్షించే సాధనం సన్నటి ఆర. గట్టి ఓక్‌లో కొన మాత్రమే దిగుతుంది, చెడినదాంట్లో పిడి దాకా పోతుంది. అడుగుదూలం ఉత్తరాన 3.6 మీటర్ల మేర పొడి అయింది. తొమ్మిది నిలువు చెక్కల్లో ఆరింటికి అడుగు 200–350 మి.మీ. పోయింది. 3 మి.మీ. రంధ్రాలు డెత్‌వాచ్ పురుగువి, 1.5–2 మి.మీ. రంధ్రాలు మామూలు చెక్కపురుగువి. డెత్‌వాచ్ పిల్లపురుగు కలప లోతులో ఏళ్ళ తరబడి ఉంటుంది, పైన చల్లే మందు దాన్ని చేరదు. దానికి తడిసి, బూజు పట్టి మెత్తబడిన కలప కావాలి. గోడ ఆరితే దానికి అక్కడ బతుకు సాగదు. మందు చల్లలేదు.

మే: అడుగుదూలం

అక్కడి వడ్రంగులు సోల్ ప్లేట్ అనే ఈ దూలం మీదే గోడ మొత్తం నిలుస్తుంది. దీన్ని మార్చాలంటే పై బరువును వేరే దారిన నేలకు దించాలి. గోడతల దూలం కింద, పై అంతస్తు దూలం కింద ఆక్రో జాకీలు (తిప్పి ఎత్తు పెంచే ఇనుప స్తంభాలు), అడుగున వెడల్పు పలకలు. జాకీ నేరుగా పాత దూలాన్ని తాకకుండా మధ్యలో మెత్తటి పైన్ ముక్క. ఇంజనీరుతో బరువు లెక్క వేయించాకే తిప్పడం మొదలు.

ఎంత లేపాలి అన్నది పెద్ద ప్రశ్న. కుంగింది 40 మి.మీ. కదా అని 40 లేపకూడదు. చట్రం ఆ వంపులోనే ఏళ్ళ తరబడి స్థిరపడింది, కుసులు ఆ కోణంలోనే బిగిశాయి. ఒక మి.మీ. తిప్పి, ఆగి, పై గది తలుపుబంధం, మట్టి పలకల అంచులు చూసి, మళ్ళీ తిప్పడం. 6 మి.మీ. దగ్గర పైన కీచుమన్న చప్పుడు వచ్చింది, అక్కడే ఆపాం. కావలసింది అడుగుదూలం మీద బరువు తేలిపోవడం, ఇల్లు మట్టంగా నిలవడం కాదు. పై గది తలుపుకు కొత్త గొళ్ళెం పెడితే సరిపోతుంది.

కొత్త దూలం ఓక్, 175 × 150 మి.మీ., గాలికి ఆరబెట్టినది. కొత్త చట్రానికైతే పచ్చి ఓక్ మంచిది, కోయడం సులువు, ఆరేకొద్దీ అతుకులు బిగుస్తాయి. పాత చట్రానికి అతికేటప్పుడు పచ్చి కలప పనికిరాదు. అది వలయాల వెంట 7–8 శాతం దాకా కుంచించుకుంటే, కదలని పాత ముక్క పక్కన అతుకు నోరు తెరుస్తుంది.

పాత దూలంలో గట్టిగా మిగిలిన కొసకు కొత్తదాన్ని 450 మి.మీ. పొడవు అతుకుతో కలిపాం. దూలం మందానికి మూడు రెట్లు అన్నది ఆ లెక్క. అతుకు రెండు నిలువు చెక్కల మధ్య పడకుండా, ఒక చెక్క కింద బరువు పడే చోటికి తెచ్చాం. చీలలకు 19 మి.మీ. బెజ్జాలు. కుసిలోని బెజ్జాన్ని కొద్దిగా భుజం వైపు జరిపి పొడిస్తే, చీల దిగేకొద్దీ అతుకును లోపలికి లాగుతుంది. కొత్త కలపలో 3 మి.మీ. దాకా జరపొచ్చు. పాత ఓక్‌తో కలిసేచోట 1.5 మించితే పాత అంచు పెళ్ళుమని చీలుతుంది. చీలలు రంపంతో కోసినవి కావు, నార వెంట చీల్చినవి. కోసిన చీల నారకు అడ్డంగా విరుగుతుంది.

నిలువు చెక్కల్ని పైకి ఎత్తలేం, మరి వాటి కుసులు కొత్త దూలం బెజ్జాల్లోకి ఎలా దిగాలి? పోయిన అడుగుల స్థానంలో కొత్త ఓక్ కాళ్ళు 300 మి.మీ. సగం-సగం అతుకుతో కట్టాం. ఆ కాళ్ళకు కుసి చెక్కకుండా అడుగున కూడా బెజ్జమే చేశాం. దూలాన్ని పక్కనుంచి జరిపి చోటులో పెట్టాక, దూలం బెజ్జాన్ని లోపలి ముఖం వైపు తెరిచి ఉంచిన దారిలోంచి విడి కుసి తోసి, ఆ సందును ఓక్ ముక్కతో మూసి, చీల దిగగొట్టాం. ఆకాశం వైపు తెరిచిన ప్రతి బెజ్జానికీ అడుగున 12 మి.మీ. రంధ్రం తప్పనిసరి. అది లేని బెజ్జంలో నీళ్ళు నిలిచి, దూలం మొదట చెడేది అక్కడే.

ఇనుప మేకులు, మైల్డ్ స్టీల్ బోల్టులు ఓక్‌లో వాడకూడదు. ఓక్‌లోని టానిన్ ఇనుమును తినేసి, కలపను నీలి నలుపు చేస్తుంది. బోల్టు తప్పనిసరైన రెండు చోట్ల 316 రకం స్టెయిన్‌లెస్ పెట్టాం. పోయిన కలపలో రెజిన్ నింపే పద్ధతి తొలిచూపుకు తేలికే. కానీ రెజిన్ వెనక తడి చేరి, చుట్టూ ఉన్న మంచి కలపను కూడా తీసుకెళ్తుంది.

పీఠం ఇటుకలు 50–55 మి.మీ. మందమున్న పాత చేతి ఇటుకలు. 1784లో ఇటుక మీద వెయ్యికి ఇంత అని పన్ను వేశాక సైజులు పెరిగాయి, 1850లో పన్ను ఎత్తేశారు. ఇప్పటి 65 మి.మీ. ఇటుక వరసల్లో కలవదు. పాతవాటినే గీకి, 3.5 రకం హైడ్రాలిక్ సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళతో మళ్ళీ పేర్చాం. దూలం కింద ప్లాస్టిక్ పట్టీ పెట్టలేదు, పైనుంచి దిగిన నీరు దాని మీదే నిలుస్తుంది. కొత్త దూలం కనపడని ముఖం మీద ఏడాది చెక్కాం. తర్వాత చదివేవాళ్ళు పాతదేదో కొత్తదేదో వెతుక్కునే పని ఉండదు.

జూన్: తడిక, అడుసు

పాత మట్టి పలకల్లో ఎక్కువ భాగం బాగున్నాయి, వాటి జోలికి పోలేదు. రాలిన నాలుగింటినే తిరిగి చేశాం. తూర్పు కౌంటీల తడిక అల్లింది కాదు, కట్టింది. నిలువు చెక్కల మధ్య అడ్డంగా కొన్ని కర్రలు బిగించి, వాటికి హేజెల్ పుల్లల్ని నిలువుగా తాడుతో కడతారు. అడ్డకర్ర కొసల్ని పదును చేసి, ఒక చెక్కలో బెజ్జానికి, ఎదుటి చెక్కలో గాడికి కొద్దిగా వంచి దూర్చితే బిగుసుకుంటుంది. హేజెల్ శీతాకాలంలో నరికినదైతే మేలు, వేసవిలో నరికినదానికి పురుగు తొందరగా పడుతుంది.

అడుసుకు రాలిన పాత మట్టినే రాత్రంతా నానబెట్టాం. దాన్ని మించిన సరుకు లేదు, ఆ గోడకు అది సరిపోతుందని నాలుగు వందల ఏళ్ళుగా రుజువైంది. చాలనిచోట: బంకమట్టి మూడు పాళ్ళు, గరుకు ఇసుక ఒకటిన్నర, తాజా ఆవుపేడ అర పాలు, బెత్తెడు ముక్కలుగా నరికిన గోధుమ గడ్డి పట్టినంత. కాళ్ళతో తొక్కిందే బాగా కలుస్తుంది. మిక్సర్‌లో గడ్డి ఉండ చుట్టుకుంటుంది. ముందు ఒక నమూనా ముద్ద చేసి ఆరబెట్టాలి. 3 మి.మీ. మించిన పగులు వస్తే ఇసుకో గడ్డో పెంచాలి, గోటితో గీస్తే పొడి రాలితే బంక పెంచాలి.

ఇద్దరు చెరోవైపు నిలబడి ఒకేసారి మెత్తాలి, ఒకరి ముద్ద ఇంకొకరి ముద్దలో తడిక సందుల్లోంచి కలవాలి. ఒకవైపు నుంచే మెత్తితే రెండో వైపు ముద్ద పట్టు దొరక్క ఊడి వస్తుంది. బయటి ముఖాన్ని చెక్కకు 15–20 మి.మీ. లోపలికి ఉంచాం, సున్నం పట్టు కోసం పైన కొట్టే సన్న చెక్క బద్దల వెనక అది మెలిక పడటానికి చోటు కావాలి. ఆరాక పలక చుట్టూ 3–5 మి.మీ. సందు తప్పకుండా వస్తుంది. శీతాకాలపు ఈదరగాలి ఆ సందులోంచే వస్తుంది. జుట్టు కలిపిన సున్నం గట్టిగా కూరి మూశాం.

జులై, ఆగస్టు: సున్నం

చీల్చిన ఓక్ బద్దలు, 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం, మధ్య 8–10 మి.మీ. సందు, స్టెయిన్‌లెస్ మేకులు. బద్దల కొసలన్నీ ఒకే చెక్క మీద వరసగా కలవనివ్వకూడదు, గోడ ఆ గీత వెంటే పగులుతుంది.

సున్నం నెలల తరబడి నీళ్ళలో మాగిన ముద్ద. రాతిసున్నంతో ఇంట్లో చేసుకునేవాళ్ళు సున్నాన్ని నీళ్ళలో వేయాలి, ఎన్నడూ సున్నం మీద నీళ్ళు పోయకూడదు. అది కుతకుతా ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. కళ్ళద్దాలు, పక్కన బకెట్టు నిండా మంచినీళ్ళు లేకుండా మొదలుపెట్టొద్దు.

పాళ్ళు ఒకటికి మూడు అని అందరూ అంటారు, కానీ ఇసుకను బట్టి తేల్చుకోవాలి. ఒక డబ్బా నిండా పూర్తిగా ఆరిన ఇసుక పోసి, పైదాకా నీళ్ళు పట్టేంత కొలిచి పోయాలి. పట్టిన నీళ్ళ కొలతే కావలసిన సున్నం కొలత. మా గరుకు ఇసుకకు డబ్బాలో మూడోవంతు పట్టింది. ఒకే సైజు రేణువులున్న మెత్తటి ఇసుకకు ఇంకా ఎక్కువ పడుతుంది, ఆ కలుపు ఆరాక పగుళ్ళు వస్తాయి.

మేకజుట్టు 100 లీటర్ల కలుపుకు అర కిలో. జుట్టును గడ్డలు లేకుండా విదిలించి చల్లుతూ కలపాలి. తాపీతో ముద్ద ఎత్తితే అంచున వెంట్రుకలు దట్టంగా వేలాడాలి. పూసేముందే కలపాలి, తడి సున్నం వారాల్లో జుట్టును తినేస్తుంది.

మొదటి పొర 10 మి.మీ., బద్దల సందుల్లోంచి వెనక్కి తిరిగి మెలిక పడేలా నొక్కాలి. గట్టి కర్రమొనతో ఏటవాలుగా గీతలు, బద్ద తగలనంత లోతే. రెండో పొర 8–10, చివరిది 4. ఒకే దెబ్బకు 20 మి.మీ. పూస్తే పైన పెంకు కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, బరువుకు జారుతుంది. సున్నం ఆరి గట్టిపడదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి తేమ ఉండాలి. ఎండ కన్నా గాలి ఎక్కువ చెరుపు చేస్తుంది. పరంజా చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీసి, పొద్దున సాయంత్రం పొగమంచులా నీళ్ళు చల్లాం. తర్వాతి పొరకు సిద్ధమా అన్నదానికి పరీక్ష: బొటనవేలి గోరు నొక్కితే గీత పడాలి, గుంట పడకూడదు. అనుమానముంటే చిన్న పెచ్చు తీసి ఫినాల్ఫ్తలీన్ చుక్క వేస్తే, ఇంకా పచ్చిగా ఉన్నచోట గులాబీ రంగు తిరుగుతుంది.

దక్షిణపు గోడ రెండో పొర మీద సాలెగూడులా సన్న పగుళ్ళు వచ్చాయి. కింది పొర నీళ్ళు పీల్చేయడం దీనికి కారణం. పూసిన మర్నాడు చెక్క తాపీతో తడుపుతూ గుండ్రంగా రుద్దితే మూసుకుంటాయి. ఉక్కు తాపీతో నున్నగా చేయకూడదు, సున్నం పైకి తేలి పొర కడుతుంది, వెనకున్న సున్నానికి గాలి అందదు. సెప్టెంబరు దాటితే బయట సున్నం పని చేయం. కొత్త పూత గట్టిపడకముందే నీళ్ళు గడ్డకట్టే చలి వస్తే పొర పొరగా ఊడుతుంది.

సెప్టెంబరు: వెల్ల

పాలంత పలచగా అయిదు పూతలు, రోజుకొకటి, ప్రతిసారీ గోడ తడిపి. వేసేటప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. ఆ భయంతో చిక్కగా వేస్తే పొడిలా రాలుతుంది. రంగు సఫోక్ గులాబీ. ఎద్దు రక్తం కలిపేవాళ్ళని కథ ఉంది, మేం వాడింది ఎర్ర ఇనుప మట్టి, సున్నం క్షారానికి వెలవెలబోని రంగు. సున్నం బరువులో 10 శాతం మించనివ్వలేదు, మించితే చేతికి అంటుతుంది. రంగుపొడి వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, గోడకంతటికీ ఒకే తొట్టిలో కలపాలి. రెండో తొట్టి ఛాయ మొదటిదానితో కలవదు.

ఇంకా మిగిలినవి

లోపలి నేల. కింద ప్లాస్టిక్ షీటు వేసిన కాంక్రీటు పలక ఉంది, అది నేల తడిని గోడలవైపు నెడుతోంది. దాన్ని తీసి నురగ గాజు గుళ్ళు 150 మి.మీ., పైన సున్నపు కాంక్రీటు 100 మి.మీ., ఆపైన ఇక్కడి పామెంట్ ఇటుక బిళ్ళలు పరవాలి. దీనికి విడిగా అనుమతి అడిగాం. సున్నం నేలలకు ముందు ఇంకా సాదా పద్ధతులుండేవి. ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్‌ను 1896లో నేషనల్ ట్రస్టు 10 పౌండ్లకు కొంది, ట్రస్టు కొన్న మొదటి కట్టడం అదే. అక్కడి నేల దంచిన సుద్ద, దాని మీద పులిసిన పాల పూత.

గడ్డి కప్పుకు శిఖరం మాత్రమే కొత్తది కట్టాలి. శిఖరం 10–15 ఏళ్ళకు ఒకసారి మారుతుంది, కింది గడ్డి ఇంకా బాగుంది. పొగగొట్టం నోరు గడ్డికి 1.8 మీటర్లు పైన ఉందో లేదో పరంజా దించకముందే కొలవాలి.

ఉత్తరపు గోడలో మూడు చోట్ల తేమ కొలిచే చీలలు దింపి ఉంచాం. కొత్త దూలం పక్కన పాత ఓక్ ఏప్రిల్‌లో 31 శాతం చూపింది, ఇప్పుడు 24. బూజు ఆగాలంటే 20 కిందికి రావాలి. వచ్చే వసంతంలో ఆ అంకె చూశాకే లోపలి ప్లాస్టరు మొదలుపెడతాం.